క్రూజర్ బండి గట్టు మీద జర్క్ ఇస్తోందా? థ్రాటిల్‌ని ఈ వరుసలో చూసుకోండి

హైవే మీద ఎనభై, తొంభైలో పోతున్నప్పుడు ఏ పెద్ద క్రూజర్ బైకైనా బాగానే ఉంటుంది. రావులపాలెం నుంచి తణుకు వైపు 16వ నంబరు జాతీయ రహదారి మీద రేజ్ పట్టుకుని కూర్చుంటే చాలు, దాని మానాన అది పోతుంది. అదే బండిని కాలువ గట్టు మీదకి దింపండి. ఎదురుగా వరిగడ్డి ట్రాక్టరు, పక్కన సైకిల్ మీద పాలక్యాన్లతో ఒకాయన, ఇటు కాలువ, అటు చేపల చెరువు. రెండో గేరు, ఇరవై స్పీడు. రేజ్ మూసి మళ్లీ కాస్త తెరవగానే బండి టక్కుమని ముందుకు తోస్తుంది. వెనక కూర్చున్న మనిషి హెల్మెట్ వచ్చి మీ హెల్మెట్‌కి తగులుతుంది.

మన డెల్టాలో క్రూజర్ నడిపేవాళ్ల థ్రాటిల్ (రేజ్) ఇబ్బందులు దాదాపు అన్నీ ఇక్కడే, మొదటి పావు వంతు తిప్పడంలోనే ఉంటాయి. వాటిలో చాలావాటికి కంప్యూటర్ ట్యూనింగ్ అక్కర్లేదు. ఒక వరుసలో చూసుకుంటూ వస్తే చాలావరకు మీ ఇంటి వాకిట్లోనే సరిచేసుకోవచ్చు.

ఈ వరుస నేను నరసాపురం రేవులో నేర్చుకున్నాను. సఖినేటిపల్లి వైపు వెళ్లడానికి నా 650 సీసీ బండిని గోదావరి దాటించే పంటు ఎక్కిస్తున్నాను. రేవు మీద నుంచి పంటు మీదకి వేసిన ఇనుప రేకు తడిగా ఉంది. ముందు ఒక స్కూటీ, దాని మీద చంటిపిల్లతో ఒకావిడ. క్లచ్ సగం వదిలి, రేజ్ వెంట్రుకవాసి ఇచ్చాను. ఏమీ కదల్లేదు. ఇంకాస్త ఇచ్చాను. బండి ఒక్కసారిగా ముందుకు దూకింది, బ్రేకు పట్టేలోపే ముందు టైరు స్కూటీ నంబరు ప్లేటుకి తగిలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆవిడ ఉలిక్కిపడి పిల్లని గుండెకి హత్తుకున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది.

అంతకు నెల ముందే, రెస్పాన్స్ పెరుగుతుందని ఒక షాపువాళ్లు చెబితే పన్నెండు వేలు పెట్టి, ఇంజన్‌కి వెళ్లే పెట్రోలు లెక్క మార్చే ఫ్యూయల్ బాక్సు బిగించుకున్నాను. వాళ్లు చైన్ ముట్టుకోలేదు, కేబుల్ కదిపి చూడలేదు. రేవులో ఆ సంగతి జరిగిన మర్నాడు పాలకొల్లులో ఒక పెద్దాయన దగ్గరికి తీసుకెళ్లాను. బాక్సు గురించి చెప్పబోతుంటే, "కంప్యూటర్ సంగతి తర్వాత చూద్దాం లెండి, ముందు ఇది పట్టుకోండి" అని నా చెయ్యి తీసి చైన్ మీద పెట్టారు. ఊగిపోతోంది. రేజ్ గ్రిప్ దాదాపు 8 మిల్లీమీటర్లు ఊరికే తిరుగుతోంది. ఇంజన్లోకి గాలి వెళ్లే రబ్బరు గొట్టం క్లిప్పు వదులుగా ఉంది. ఈ మూడూ సరిచేయడానికి ఆయనకి గంటన్నర పట్టింది. జర్క్ పోయింది.

మొదటి పావు వంతులోనే ఎందుకు?

పొలానికి నీళ్లు పెట్టే తూము షట్టరు గుర్తు చేసుకోండి. షట్టరు అంగుళం ఎత్తి ఉన్నప్పుడు ఇంకో అంగుళం ఎత్తితే నీళ్లు ఇంచుమించు రెట్టింపు వస్తాయి. పది అంగుళాలు ఎత్తి ఉన్నప్పుడు ఇంకో అంగుళం ఎత్తితే కాలువ కాపలా చూసే లష్కరుకి కూడా తేడా తెలియదు. ఇంజన్‌కి గాలి వెళ్లే దారిలో ఉండే థ్రాటిల్ బాడీలో గాలిని ఆపే గుండ్రటి రేకు కూడా అంతే. ఐడ్లింగ్‌లో అది దాదాపు మూసే ఉంటుంది. అక్కడి నుంచి కొంచెం కదిలినా ఇంజన్‌కి వెళ్లే గాలి ఒక్కసారిగా పెరుగుతుంది. పెద్ద ఇంజన్‌కి కింది ఆర్‌పీఎమ్‌లోనే టార్క్ (తిప్పే బలం) ఎక్కువ కాబట్టి ఆ కొంచెం కూడా వెనక చక్రం దగ్గర గట్టిగా తెలుస్తుంది.

దీనికి ఇంకొకటి తోడవుతుంది. మీరు రేజ్ పూర్తిగా మూసి గేరులో అలాగే దొర్లుతుంటే, ఇంజెక్షన్ బండ్లలో ఇంజన్‌ని నడిపే కంప్యూటరు, అంటే ఈసీయూ, పెట్రోలు ఆపేస్తుంది. మళ్లీ తెరవగానే పెట్రోలు తిరిగి మొదలవుతుంది. ఆ మొదలయ్యే క్షణంలో కేబుల్ వదులు, చైన్ వదులు ఒకదాని మీద ఒకటి పడి జర్క్‌గా బయటికి వస్తాయి. ఇంజన్ ముందు ఆ వదులంతా తీసుకుని, ఆ తర్వాత చక్రాన్ని కొడుతుంది.

ముందు ఏ జర్కో తేల్చుకోండి

పనిముట్లు తీసే ముందు ఒక అరగంట బండి నడిపి కాగితం మీద రాసుకోండి. మూసి తెరిచినప్పుడు మాత్రమే టక్కుమంటే కేబుల్, చైన్ వైపు చూడాలి. రేజ్ కదపకుండా పట్టుకున్నా బండి ముందుకీ వెనక్కీ ఊగుతుంటే గాలి లీకు గానీ, పెట్రోలు తక్కువగా అందడం గానీ అయ్యుంటుంది. రేజ్ ఇస్తే ఒక్క క్షణం ఆగి తర్వాత లాగుతుంటే ఫిల్టరు, ప్లగ్గులు, సెన్సార్లు. వదిలేసినా రేజ్ వెంటనే వెనక్కి రాకపోతే మాత్రం ఆ బండి నడపకండి. అది సరయ్యేదాకా వాకిట్లోనే ఉండనివ్వండి.

బండి చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా అన్నది కూడా రాయండి. వాన పడిన మర్నాడే వస్తోందంటే కనెక్టర్లలో తడి చేరిందేమో అనుమానించాలి.

చేతితో మొదలుపెట్టండి

దీనికి పైసా ఖర్చు లేదు, అందుకే ఎవరూ చేయరు. గ్రిప్‌ని గట్టిగా పిడికిట్లో బిగించి పట్టుకుంటే రోడ్డు మీద ప్రతి గతుకూ మీ మణికట్టు ద్వారా రేజ్ అవుతుంది. బొటనవేలు స్విచ్‌ల డబ్బాకి ఆనించి ఉంచండి, ఆ ఆధారంతో మిగతా వేళ్లు సన్నగా కదపొచ్చు. గట్టు మీద రేజ్ పూర్తిగా మూయకండి. కొద్దిగా తెరిచే ఉంచి, వేగం తగ్గాలంటే వెనక బ్రేకు మీద కాలు తేలిగ్గా వేయండి. చైన్ ఒకే వైపు బిగువుగా ఉంటుంది, పెట్రోలు ఆగదు, జర్క్ సగం తగ్గుతుంది.

గేరు సంగతి. క్రూజర్ అంటే నాలుగో గేరులో దడదడలాడిస్తూ నెమ్మదిగా పోవాలనుకుంటారు చాలామంది. ఇరవై స్పీడుకి నాలుగో గేరు పెద్ద ఇంజన్‌కి కూడా శిక్షే. రెండో గేరులోకి దిగండి. పంటు ఎక్కించేటప్పుడు, ఇరుకు వంతెన మీద, సంతలో మొదటి గేరు, సగం క్లచ్, వెనక బ్రేకు. ఈ మూడూ కలిపి వాడటం ఖాళీ మైదానంలో ఒక సాయంత్రం సాధన చేయండి. 240 కిలోల బండి నడక వేగంలో నిలకడగా పోవడం చూస్తే మీకే ధైర్యం వస్తుంది.

కేబుల్

ముందు మీ బండికి కేబుల్ ఉందో లేదో చూసుకోండి. రాయల్ ఎన్‌ఫీల్డ్ సూపర్ మీటియర్ 650, కవాసాకి వల్కన్ ఎస్ లాంటివి కేబుల్ బండ్లు. హార్లీ డేవిడ్‌సన్ 2008 నుంచే టూరింగ్ మోడళ్లలో కేబుల్ తీసేసి ఎలక్ట్రానిక్ థ్రాటిల్ పెట్టింది. 2,458 సీసీల ట్రయంఫ్ రాకెట్ 3 కూడా ఎలక్ట్రానిక్‌దే. అలాంటి బండైతే ఈ భాగం వదిలేసి చైన్ దగ్గరికి వెళ్లండి.

కేబుల్ బండ్లకి సాధారణంగా రెండు కేబుళ్లు ఉంటాయి, ఒకటి తెరవడానికి, ఒకటి మూయడానికి. గ్రిప్ అంచు మీద, దాని పక్కనున్న స్విచ్ డబ్బా మీద ఎదురెదురుగా చిన్న టేపు ముక్కలు అతికించి, రెండింటి మీదా నిలువు గీత గీయండి. ఇంజన్ ఆపి, గ్రిప్‌ని మెల్లగా తిప్పుతూ కేబుల్ బిగువు తగిలే చోట ఆపండి. గీతల మధ్య దూరం స్కేలుతో కొలవండి. చాలా బండ్లకి ఇది 2 నుంచి 3 మిల్లీమీటర్లు ఉండాలి. మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ప్రమాణం.

ఎక్కువుంటే కేబుల్ మీది రబ్బరు తొడుగు జరిపి, లాక్ నట్ వదులు చేసి, అడ్జస్టర్‌ని అర చుట్టు చొప్పున తిప్పుతూ మళ్లీ మళ్లీ కొలవండి. పూర్తిగా సున్నా చేయాలన్న ఆశ వద్దు. ఆ 2 మిల్లీమీటర్లు ఎందుకుండాలో ఇప్పుడు చేసే పరీక్షలో తెలుస్తుంది. బండిని న్యూట్రల్‌లో స్టార్ట్ చేసి, ఐడ్లింగ్‌లో హ్యాండిల్‌ని ఎడమ చివరి నుంచి కుడి చివరిదాకా తిప్పండి. ఎక్కడైనా ఇంజన్ శబ్దం పెరిగిందంటే కేబుల్ మరీ బిగువైంది, లేదా ఎక్కడో ఇరుక్కుంటోంది. పార్కింగ్‌లో హ్యాండిల్ తిప్పగానే బండి తనంతట తాను రేజ్ అయితే ఏమవుతుందో వేరే చెప్పనక్కర్లేదు.

చివరగా, గ్రిప్‌ని పూర్తిగా తిప్పి వదిలేయండి. టప్‌మని వెనక్కి రావాలి. బద్ధకంగా వస్తే కేబుల్‌లో తుప్పో మట్టో చేరింది. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉండేవాళ్లకి సముద్రపు ఉప్పుగాలి వల్ల ఇది తొందరగా వస్తుంది. కేబుళ్ల కోసం అమ్మే పల్చటి లూబ్ మాత్రమే వాడండి. చిక్కటి గ్రీజు పెడితే దుమ్ము పట్టి ఇంకా మొరాయిస్తుంది. లోపల టెఫ్లాన్ పొర ఉండే కేబుళ్లకి కొన్ని కంపెనీలు ఏ లూబూ వద్దంటాయి, మాన్యువల్ చూసుకోండి. తీగ పోగులు తెగి కనిపిస్తే లూబ్ గొడవే వద్దు, కొత్త కేబుల్ వేయించండి.

చైన్, దాని వెనక రబ్బర్లు

నా బండి జర్క్‌లో పెద్ద వాటా దీనిదే. ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో, చైన్ కింది వైపు మధ్యలో వేలితో పైకీ కిందికీ కదపండి. మొత్తం ఎంత కదులుతుందో కొలవండి. ఎంత ఉండాలన్నది, బండిని సైడ్ స్టాండ్ మీద కొలవాలా నిటారుగా కొలవాలా అన్నది ఒక్కో బండికి ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్లోనో వెనక చక్రాన్ని పట్టి ఉంచే స్వింగ్ ఆర్మ్ మీది స్టిక్కర్లోనో రాసి ఉంటుంది. ఒక్కచోటే కొలిచి వదిలేయకండి. బండిని కాస్త కాస్త ముందుకి నెడుతూ నాలుగైదు చోట్ల చూడండి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు అయితే చైన్ అరిగిపోయింది. బిగువున్న చోటు లెక్కలోకి తీసుకుని సరిచేయాలి, లేకపోతే బేరింగుల మీద భారం పడుతుంది.

మరీ బిగించడం వదులు కంటే చెడ్డది. మీతోపాటు వెనక ఒకరు కూర్చుని, సైడ్ బ్యాగుల్లో కొబ్బరికాయలు పెడితే సస్పెన్షన్ దిగుతుంది, చైన్ ఇంకా బిగుస్తుంది.

చైన్ సరిగ్గానే ఉన్నా టక్కుమంటుంటే వెనక చక్రంలో స్ప్రాకెట్ వెనక ఉండే రబ్బరు దిమ్మలు చూడాలి. ఇంజన్ తోపుని మెత్తగా చక్రానికి అందించడమే వాటి పని. చక్రాన్ని కదలకుండా పట్టుకుని స్ప్రాకెట్‌ని చేత్తో ముందుకీ వెనక్కీ ఊపండి. చాలా ఊగితే రబ్బర్లు నలిగిపోయాయి. వాటి ధర చైన్ సెట్ ధరలో చిన్న భాగమే, తేడా మాత్రం చాలా తెలుస్తుంది. హార్లీ పెద్ద బండ్లకి చైన్ బదులు బెల్టు, రాకెట్ 3కి షాఫ్టు. వీటి సర్దుబాటు సర్వీసు సెంటర్‌లోనే చేయించుకోండి.

గాలి

మన దగ్గర ఎయిర్ ఫిల్టరుకి కష్టకాలం కోతల రోజులు. సార్వా, దాళ్వా కోతలప్పుడు రోడ్లకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది. మిషన్ల నుంచి లేచే పొట్టు, నూగు గాలిలో పొగలా తేలుతుంటుంది. అది ఫిల్టరు మడతల్లో దూరి గట్టిపడుతుంది. మాన్యువల్ చెప్పిన కిలోమీటర్లు ఎన్నైనా సరే, కోతలు అయ్యాక ఒకసారి ఫిల్టరు బయటికి తీసి వెలుతురుకి పట్టి చూడండి. కాగితపు ఫిల్టరుని నీళ్లతో కడగకండి, నూనె రాసిన రకాన్ని గాలి కొట్టి దులపకండి. అనుమానంగా ఉంటే కొత్తది వేయండి.

తర్వాత థ్రాటిల్ బాడీకీ ఇంజన్‌కీ మధ్య ఉండే రబ్బరు గొట్టం. ఇక్కడ వెంట్రుకవాసి పగులున్నా, క్లిప్పు వదులైనా లెక్కలోకి రాని గాలి లోపలికి పోతుంది. మిశ్రమంలో పెట్రోలు తగ్గి బండి ఐడ్లింగ్‌లో ఊగుతుంది, మొదటి తిప్పులో తడబడుతుంది. పరీక్ష చాలా సులువు. ఇంజన్ పెద్దగా వేడెక్కకముందే ఐడ్లింగ్‌లో ఉంచి, మొక్కలకి నీళ్లు చల్లే స్ప్రే సీసాతో ఆ రబ్బరు చుట్టూ సన్నగా మంచులా కొట్టండి. ఎక్కడ కొట్టినప్పుడు ఇంజన్ శబ్దం మారిందో అక్కడే లీకు. దీనికి పెట్రోలు గానీ, మండే స్ప్రేలు గానీ వాడేవాళ్లని చూశాను. వేడి సైలెన్సరు పక్కనే ఆ పని చేయకండి.

థ్రాటిల్ బాడీ లోపల నల్లటి మసి పేరుకుంటే రేకు సాఫీగా తెరుచుకోదు. థ్రాటిల్ బాడీ క్లీనర్ గుడ్డ మీద కొట్టి, ఆ గుడ్డతో తుడవండి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ రేకుని వేలితో బలంగా నెట్టకండి, లోపలి చిన్న గేర్ల పళ్లు దెబ్బతింటాయి. పెయింటు చుక్క పెట్టి ఉన్న స్క్రూ కనిపిస్తే దాన్ని తిప్పకండి, అది ఫ్యాక్టరీలో బిగించిన స్టాపరు. రెండు సిలిండర్లకి రెండు థ్రాటిల్ బాడీలున్న బండ్లలో రెండూ సమానంగా గాలి పీలుస్తున్నాయో లేదో వాక్యూమ్ గేజ్‌తో చూడాలి. ఇది తెలిసినవాళ్ల చేతే చేయించండి.

కరెంటు, పెట్రోలు

బ్యాటరీకి మల్టీమీటర్ పెట్టండి. ఫుల్ ఛార్జి ఉన్న బ్యాటరీ ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.6 వోల్టుల దగ్గర, ఇంజన్ నడుస్తూ కాస్త రేజ్‌లో 13.5 నుంచి 14.5 మధ్య చూపించాలి. తక్కువైతే ఈసీయూ, పంపు, ఇంజెక్టర్లు అన్నీ బలహీనంగా పనిచేస్తాయి. రేకు ఎంత తెరుచుకుందో ఈసీయూకి చెప్పే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ కనెక్టరు ఊడదీసి పిన్నులు చూడండి. పచ్చటి చిలుము కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్‌తో శుభ్రం చేసి, ఆరాక మళ్లీ బిగించండి.

పెట్రోలు గురించి నిజంగా టెన్షన్ పడాల్సినంత లేదు, కానీ తెలుసుకోవాలి. ఇథనాల్ కలపని పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక వంతు పెట్రోలుకి 14.7 వంతుల గాలి కావాలి. 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ20కి అది 13.5 దగ్గరికి వస్తుంది, అంటే అదే గాలికి పెట్రోలు కాస్త ఎక్కువ కావాలి. సైలెన్సరు గొట్టంలో పొగని చూసే ఆక్సిజన్ సెన్సార్ ఉన్న బండ్లు నిలకడగా నడిచేటప్పుడు ఈ తేడాని తమంతట తామే సర్దుకుంటాయి. పాత కార్బ్యురేటర్ బండి సర్దుకోలేదు, దానికి మిక్చర్ స్క్రూ, జెట్‌లు చూడాల్సిందే. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. వానాకాలంలో సగం ట్యాంకుతో నెల రోజులు పక్కన పెట్టే అలవాటుంటే మానుకోండి. ట్యాంకు నింపి పెట్టండి, వారానికోసారి నడపండి.

సైలెన్సరు గొట్టం ఇంజన్‌కి కలిసే చోట గ్యాస్‌కెట్ లీకైతే బయటి గాలి ఆక్సిజన్ సెన్సార్‌కి తగిలి, ఈసీయూకి తప్పుడు లెక్క వెళ్తుంది. రేజ్ మూసినప్పుడు టపటపమని పేలుతుంటే ముందు ఆ గ్యాస్‌కెట్ చూడండి.

ఇవన్నీ అయ్యాకే ఈసీయూ

ఇంత చేశాక కూడా తృప్తి లేకపోతే అప్పుడు ట్యూనింగ్ మాట ఆలోచించండి. బజారులో దొరికేవి ముఖ్యంగా మూడు రకాలు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ బండ్లకి పెట్టే కంట్రోలర్ కొత్త పవర్ ఏమీ ఇవ్వదు, మీ చెయ్యి ఎంత తిప్పితే రేకు ఎంత తెరుచుకోవాలన్న లెక్కని మాత్రమే మారుస్తుంది. ‘స్పోర్ట్’లో పెడితే గట్టు మీద జర్క్ పెరుగుతుంది. మీ బండిలో రెయిన్ మోడ్ ఉంటే గట్ల మీద అది పెట్టి చూడండి, ఖర్చు లేకుండా పని జరగొచ్చు. రెండోది ఈసీయూకీ ఇంజెక్టర్లకీ మధ్యలో తగిలించే ఫ్యూయల్ బాక్సు. మూడోది ఎప్పుడు ఎంత పెట్రోలు ఇవ్వాలో ఈసీయూలో రాసి ఉండే పట్టికని, అంటే మ్యాప్‌నే మార్చడం. ఈ చివరిది చేయించుకుంటే డైనో (బండిని నిలబెట్టి నడిపి పవర్ కొలిచే మిషను) మీద, గాలి, పెట్రోలు పాళ్లు కొలిచే వైడ్‌బ్యాండ్ సెన్సార్ పెట్టి, మీ బండికే చేసే చోటే చేయించండి. ఇంకో బండి కోసం చేసిన ఫైలు తెచ్చి ఎక్కించేవాళ్లని నమ్మకండి. ట్యూనర్‌కి మీ అవసరం సరిగ్గా చెప్పండి: పైన పవర్ వద్దు, 1,500 నుంచి 3,500 ఆర్‌పీఎమ్ మధ్య, కొద్దిపాటి రేజ్‌లో మెత్తగా ఉండాలని.

వారంటీ పోయే అవకాశం ఉంది, అడిగి తెలుసుకోండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిలో మార్పులకి హద్దులు పెడుతుంది. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు. పెద్ద శబ్దం చేసే సైలెన్సరు జోలికి వెళ్లకండి. గట్ల పక్కనే ఇళ్లున్నాయి, ముసలివాళ్లున్నారు, పరీక్షలకి చదువుకునే పిల్లలున్నారు.

సరయిందో లేదో చూడటం

ఒకేసారి అన్నీ మార్చకండి. ఒకటి మార్చండి, నడపండి, కాగితం మీద రాయండి, తర్వాత రెండోది. పరీక్షకి ఎప్పుడూ ఒకే దారి వాడండి. నేనైతే పొద్దున్నే, ట్రాక్టర్లు రోడ్డెక్కకముందు, ఏటిగట్టు మీద ఒక కిలోమీటరు ఎంచుకున్నాను. రెండో గేరు, ఇరవై స్పీడు, రేజ్ పూర్తిగా మూసి మెల్లగా తెరవడం పదిసార్లు. అదే దారి మధ్యాహ్నం ఎండలో, ఇంజన్ బాగా వేడెక్కాక ఇంకోసారి. మూడోసారి వెనక మనిషిని కూర్చోబెట్టుకుని. హెల్మెట్ తగలడం ఆగిందా అని వాళ్లనే అడగండి, మన చేతికి అలవాటైపోయిన జర్క్ వాళ్లకి ఇంకా తెలుస్తూనే ఉంటుంది. కొత్త చైన్ వేయించి ఉంటే మొదటి 500 కిలోమీటర్లకి మళ్లీ వదులవుతుంది, ఆ రోజు ఇంకోసారి కొలిచి అదే కాగితం మీద తేదీ వేసి రాసుకోండి.